సొంత కీబోర్డుతో పరీక్షకు పోయిన రోజు

మొన్న మా అక్క కూతురు ఇంటికొచ్చి, తన టాబ్లెట్‌కు తీగ ఉన్న కీబోర్డొకటి తగిలించబోతుంటే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. "ఆపు! ముందు దాన్ని ఆఫ్ చెయ్!" అని కేక పెట్టాను. చేతిలో అట్లకాడ కూడా ఉంది. ఆ పిల్ల బెదిరి కీబోర్డు కింద పడేసింది. నేను దెయ్యం పట్టినదాన్ని కానని నిర్ధారించుకున్నాక నవ్వింది.

"చిన్నమ్మా, ఇది ఊరికే గుచ్చితే సాలు. ఆటలాడే పెట్టెకైనా ఇంతే. దీనికి ఆఫ్ చేసేదేంది?"

నిజమే. ఇప్పటి వస్తువులు తయారుచేసేవాళ్ళు మనుషుల మొండితనాన్ని ముందే ఊహించి చేస్తున్నారు. మా కాలంలో ఆ సౌకర్యం లేదు. ఎవరి మొండితనానికి వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో నీతి ఏదైనా ఉంటే ఏరుకోండి. నేను హామీ ఇవ్వగలిగింది తప్పు ఒక్కటే. అది పూర్తిగా నాది. ఇరవై ఏళ్ళకు పైగా ఆఫీసులో అందరి తప్పులూ టైపు కొట్టినదాన్ని, యాభై నిండగానే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నాక నాది కూడా ఒకటి రాసుకోకపోతే బాగుండదు.

నేను టైపిస్టును. డిగ్రీ చదివాను, ఆ సంగతి అవసరం లేనిచోట కూడా చెప్పేదాన్ని. టైపులో ఇంగ్లీషు హయ్యర్, తెలుగు హయ్యర్ రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యాను; అది అవసరం లేనిచోట మరీ గట్టిగా చెప్పేదాన్ని. టైపు ధర్మవరంలో నేర్చుకున్నాను. పరీక్ష అనంతపురంలో. పరీక్షకు మిషన్ ఎవరిది వాళ్ళే మోసుకుపోవాలి. ఇప్పటివాళ్ళు నమ్మరు గానీ, ఆ రోజు పొద్దున్నే మా ఇన్‌స్టిట్యూట్ మిషన్లన్నీ గోనెపట్టల్లో చుట్టి బస్సు టాపు మీదికి ఎక్కించేవాళ్ళు. మా మాస్టారు హాల్లోకి వచ్చి, మిషన్ బల్ల మీద పెట్టి, రిబ్బను సరిచేసి, "నీ మిషనే పాపా, భయం లేదు" అని చెప్పి బయటికి పోయేవాడు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఒక్కో మిషన్‌కు ఒక్కో గుణం. ఒకదానికి స్పేసుబారు బరువు, ఒకదానికి చిటికెన వేలి అక్షరం పైకి లేవదు. వేళ్ళు ఆ గుణానికి అలవాటు పడిపోతాయి. "ఒకరి మిషన్ మీద పరీక్ష రాసేదీ, ఒకరి చెప్పులేసుకొని కొండెక్కేదీ ఒకటే" అనేవాడు మాస్టారు. ఆయన చెప్పిన వాటిలో నేను పోట్లాడకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే. అదే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే సరిపోయేది, ఇంకొకరిది ముంచబోయాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో బత్తలపల్లెలో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికొక గది, గదికి తెర, తెర బయట చెప్పులు. మా ఎర్రమట్టి దుమ్ము దాని మీద పడకూడదట. మా మీద ఎంత పడినా ఎవరికీ పట్టలేదు. "ఇకమీదట దీంట్లోనే మేడం" అన్నాడు మా ఆఫీసరు. కరెంటు లేనప్పుడు ఇది ఏం చేస్తుందో చెప్పమని అరగంట వాదించాను. నేను ఓడిపోలేదు, ఆయనకు జీపు వచ్చింది.

ఆపరేటరుది కాంట్రాక్టు ఉద్యోగం. ముప్పై దాటిన మనిషి, పామిడి నుంచి వచ్చిపోయేవాడు. ఆఫీసంతా భాయ్ అనేది. మొదటిరోజు నా టైపు చూసి చెవులు మూసుకున్నాడు.

"మేడం, ఇది కీబోర్డు. రోట్లో కారం దంచినట్ల దంచద్దండి."

"దంచకుంటే అక్షరం పడ్తాదా?"

"తాకితే సాలు మేడం. తాకి వదిలేయండి."

వదలడం నా స్వభావంలో లేదు. పట్టుకుని ఉండేసరికి ఒకే అక్షరం తెర పొడుగునా చీమల బారులా పడింది. ఇక నా ఎడమ చెయ్యి. టైపు మిషన్‌లో లైను అయిపోగానే ఎడమ చేత్తో మీట తోసి కాగితాన్ని కింది లైనుకు తెచ్చుకోవాలి. కంప్యూటర్‌కు ఆ మీట లేదని నాకు తెలుసు, నా చేతికి తెలియదు. లైను చివరికి రాగానే అది దానంతటదే ఎగిరేది. మొదటిరోజు స్టీలు గ్లాసు పడింది. రెండోరోజు మానిటర్ పక్కకు తిరిగింది. మూడోరోజు నుంచి గదిలోకి ఎవరొచ్చినా భాయ్ హెచ్చరించేవాడు: "ఎడం పక్క నిలబడద్దండప్పా, మేడం చెయ్యి తిరుగుతాంటాది."

ఆరు నెలలకు ఆ విద్య కూడా పట్టుబడింది. వెంటనే దాంట్లో నాకు మించినవాళ్ళు లేరని తీర్మానించుకున్నాను. ఆ కీబోర్డు బరువైనది, టకటకమని మోగేది. తోక చివర రూపాయి బిళ్ళంత గుండ్రటి ప్లగ్గు. 'నా కీబోర్డు' అనేదాన్ని. ఎవరైనా దాని మీద ఫైలు పెడితే ఆ ఫైలుకు ఆరోజు ముహూర్తం ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒకామె వచ్చింది. మా దగ్గరే గుమాస్తాగా చేస్తూ చనిపోయినాయన భార్య. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. మడకశిర పక్క పిల్ల, ఇంటరు చదివింది. మడకశిరామె అనే పిలిచేవాళ్ళం. ఇద్దరు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలిపెట్టి ఇక్కడ గది తీసుకుంది. ఉద్యోగానికి ఒక షరతు ఉంది. గడువులోగా కంప్యూటర్ టైపు పరీక్ష పాసు కావాలి, మూడు అవకాశాలు. కాకపోతే అటెండరుగా దించుతారు. అదే ఆఫీసులో, అదే గదిలో.

మా అటెండరే ఒకరోజు నాతో అన్నాడు: "మా పని తక్కువేం కాదు మేడం. గానీ అది ఆమె మొగుడు కూచున్న కుర్చీ. దానికి ఆమే నీళ్ళు తెచ్చిపెట్టల్లంటే ఎట్ల?"

ఆ మాట విన్నాక నేనే ఆమెకు నేర్పుతానని ప్రకటించాను. ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

పొద్దున ఆఫీసు తెరవకముందు గంట, మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట. ఆమె కొడుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. తప్పు పడినప్పుడల్లా నాలుకతో 'చ్చు' అనేదాన్ని. ఆమె ఆగి నా వైపు చూసేది. "నా మొగం చూస్తే వస్తాదా? కాగితం చూడు" అనేదాన్ని. ఆమె కాగితం చూసేది. ఇంకో తప్పు. ఇంకో 'చ్చు'. ఇదీ నా బోధనా పద్ధతి.

మొదటి పరీక్షకు అనంతపురం తోడుపోయాను, ధైర్యం చెప్పడానికి. హాలు తలుపుకు ఎదురుగా వరండాలో బెంచీ ఉంటే, ఆమెకు కనపడేటట్టు దాని మీద కూర్చున్నాను. ఆమె తలెత్తినప్పుడల్లా, ఎత్తొద్దని తల అడ్డంగా ఊపాను. పోయింది. రెండోసారి కూడా పోయాను, అదే బెంచీ. రెండోసారి కూడా పోయింది.

తిరిగి వస్తూ బస్సులో అడిగాను. "ఈడ అంత బాగ కొడ్తావే, ఆడ ఏమయితాంది నీకు?"

ఆమె నా వైపు కాక బయటి చెట్ల వైపు తిరిగింది. "ఏమోక్కా... ఆ కీబోర్డు అట్ల ఉండాది" అంది.

నేను సీట్లోంచి ఇంత ఎత్తు లేచాను. "నేనప్పుడే అనుకున్యా! అది మన కీబోర్డు కాదు గదా!" మా మాస్టారు, చెప్పులు, కొండ అన్నీ బస్సులోనే చెప్పాను. మూడోది ఆఖరి అవకాశం. ఈసారి మన కీబోర్డు మనం తీసుకుపోవాలని ఆ సీట్లోనే నిర్ణయం చేశాను.

పరీక్ష ముందు రోజు దాన్ని విప్పి ఇమ్మంటే భాయ్ దాని తోక చివర ప్లగ్గు పట్టుకుని చూపించాడు.

"మేడం, ఆడివి కొత్త మిషన్లు. మన ప్లగ్గు లావు, ఆడ సందు సన్నం."

"అయితే?"

సొరుగులోంచి వేలెడంత ముక్క తీసి ఇచ్చాడు. ఒకపక్క లావు, ఒకపక్క సన్నం. "ఇది నడమ పెడితే పడ్తాది. గానీ ఒక్క మాట. మిషన్ ఆఫ్ చేసినాకనే వాళ్ళది పీకల్ల, ఆఫ్ చేసినాకనే మనది గుచ్చల్ల. ఆన్‌లో ఉన్నప్పుడు ముట్టద్దండి."

"షాక్ కొడ్తాదా?"

"మీకు కొట్టదు. దానికి కొడ్తాది."

"భాయ్, నేను హయ్యర్ పాసయిన పొద్దు నువ్వు—"

"నిక్కరేసుకొని తిరుగుతాంటి మేడం. పోయిన వారం కూడా చెప్పినారు."

మడకశిరామె అక్కడే నిలబడి ఉంది. కంగారు పడితే ఆమెకు నోట్లోంచి కన్నడం వచ్చేది. "బేడక్కా, బేడ. వద్దులే. ఆడ ఏది ఉంటే దాంతోనే కొడ్తా" అంది.

"నీకు తెల్దు, ఊరుకో" అన్నాను. ఊరుకుంది. నా దగ్గర అందరూ చివరికి ఊరుకునేవాళ్ళు. దాన్ని నేను అంగీకారం అనుకునేదాన్ని.

పొద్దున ధర్మవరం నుంచి వచ్చే బస్సెక్కాం. కీబోర్డును పాత తువాలులో చుట్టి వైరుబుట్టలో పెట్టుకున్నాను. తోక బయటికి వేలాడుతోంది. కండక్టరు వంగి చూశాడు.

"ఏందక్కా ఇది? ఉడుమా?"

"కీబోర్డు."

"దీనికీ టికెట్టు కొట్టల్లనా?"

"నీ మెడలో సంచికి కొట్టినావా? కొట్టింటే దీనికీ కొట్టు."

వెనక సీట్లో పెద్దాయన, "హార్మోనియం గదమ్మా? యాడ భజన?" అని ఆప్యాయంగా అడిగాడు. ఆయనకు కూడా కీబోర్డు అంటే ఏమిటో రాప్తాడు దాకా వివరించాను. మడకశిరామె నా పక్కన హాల్ టికెట్టు ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. చప్పుడు లేదు. ఒక్క వేలు కూడా తడబడలేదు. నేను చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు.

పరీక్ష ఒక కాలేజీ కంప్యూటర్ల గదిలో. మేము పోయేసరికి మిషన్లన్నీ ఆన్ చేసి సిద్ధంగా పెట్టారు. పరీక్ష జరిపించడానికి వచ్చిన లెక్చరరు నా వయసువాడు. నా బుట్ట చూసి నొసలు ముడిచాడు.

"కీబోర్డు మేమే ఇస్తాం గదా మేడం, ఇదెందుకు?"

"టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్ళు తెచ్చుకునేది మొదట్నుంచీ ఉండే పద్ధతి సార్."

"అది టైపు మిషన్లప్పుడు."

"తేగూడదని యాడ రాసినారో చూపియ్యండి."

"తెచ్చుకోవచ్చని యాడ రాసినారు?"

"రాయనిదంతా చెయ్యచ్చనే కదా సార్ అర్థం?"

"అట్లయితే మిమ్మల్ని నేను ఇప్పుడు..." అని ఆగిపోయి గోడ గడియారం చూశాడు. "ఐదు నిమిషాలు. తగిలించి బయటికి పోండి."

గెలిచాను. ఆ తర్వాత జీవితంలో వాదన గెలిచినప్పుడల్లా నాకు కొంచెం భయం వేస్తూ ఉంటుంది.

"అక్కా, ఆఫ్ చెయ్యల్లని భాయ్ చెప్పినాడు గదా" అంది ఆమె మెల్లగా.

"టైం యాడుండాది? ఆఫ్ చేసి మళ్ళీ అది లేచేలోపల పరీక్షే అయిపోతాది" అంటూ బల్ల కిందికి దూరాను. చీర కుచ్చిళ్ళు పళ్ళ మధ్య పెట్టుకుని, మోకాళ్ళ మీద. వెనక రెండు రంధ్రాలు, కవలపిల్లల్లా ఉన్నాయి, ఒకటి పచ్చది, ఒకటి వంకాయరంగు. వాళ్ళ కీబోర్డు తీగ, మౌస్ తీగ రెండూ పీకాను. భాయ్ ఇచ్చిన ముక్క తగిలించి మాది పచ్చదాంట్లో పెట్టి నెట్టాను. పోలేదు. నేను నెడితే పోనిదేదీ ఉండదని నా అనుభవం కాబట్టి ఇంకొంచెం నెట్టాను. తర్వాత వంకాయరంగులో పెట్టాను. దిగింది. నెత్తిన బూజుతో విజయవంతంగా పైకి లేచాను.

"కొట్టు."

కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు.

"గట్టిగ కొట్టు."

గట్టిగా కొట్టింది. ఆమెను పక్కకు జరిపి నేనే దంచాను. ఏమీ లేదు. వాళ్ళ కీబోర్డే మళ్ళీ తగిలించాను. అదీ పలకలేదు. అప్పుడు ఆ గది చూసుకునే మనిషి వచ్చి మిషన్ ఆపి మళ్ళీ వేశాడు. నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక లైను వచ్చింది: కీబోర్డు లేదు, ముందుకు పోవాలంటే కీబోర్డు మీద ఫలానా మీట నొక్కండి. మా ఆఫీసుకు పైనుంచి వచ్చే ఉత్తర్వులు కూడా ఇట్లాగే ఉండేవి కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు. నిజంగానే నొక్కాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ మనిషి వంగి, వెనక వాసన చూసి లేచాడు. "పోయినాది సార్. ఆన్‌లో ఉండంగానే పీకినారు. లోపల ఫ్యూజు కాలినట్లుండాది. ఇప్పుడయ్యే పని కాదు."

అదనంగా మిషన్లు లేవు. ఎవరి నంబరు వాళ్ళ మిషన్‌కు అంటించి ఉంది. బెల్లుకు ఇంక మూడు నిమిషాలు. నేను అప్పుడన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గు: "మీ మిషన్లే మంచివి కావు!"

మడకశిరామె లేచి నిలబడింది. "సార్, తప్పు మాదే. ఆ మూల సీటు ఖాళీగుండాది గదా. ఆడ కూచుంటా" అంది.

"ఆ నంబరు పాప ఇంకా రావచ్చమ్మా. బెల్లు కొట్టేదాకా ఆగల్ల."

అందరం తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. ఎవరో ఏ ఊరో తెలియని ఆడబిడ్డ బస్సు టైరు పంచరు కావాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. ఆ పిల్లకూ ఒక కుర్చీ ఉంటుందని అప్పుడు తట్టలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే మొక్కు రెట్టింపు చేశాను. నీళ్ళ కుండ తెచ్చే ఆయమ్మ. బెల్లు కొట్టారు.

"కూచోమ్మా" అన్నాడు లెక్చరరు.

ఆమె కూర్చోలేదు. నా వైపు తిరిగింది. "అక్కా, మీరు బయటికి పోండి."

"ఆ బెంచీ మీద కూచుంటాలే, నువ్వు—"

"బెంచీ మీద కాదు. గేటు అవతల."

"ఎందుకు?"

"మీరు కనపడ్తాంటే నాకు చేతులాడవక్కా. రెండుసార్లూ అంతే అయినాది. కీబోర్డు బాగనే ఉండె."

ఇరవై మంది ముందు. గొంతు పెంచకుండా. నేను మా కీబోర్డు తీసి బుట్టలో పెట్టుకున్నాను.

లెక్చరరు ఒక తెల్లకాగితం నా చేతిలో పెట్టాడు. "మిషన్ ఎట్ల పోయిందో రాసిచ్చి పోండి మేడం."

గేటు అవతల సోడా బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎంతమంది గుమాస్తాలకు సంజాయిషీ మెమోలు టైపు కొట్టానో లెక్కలేదు. జవాబు రాయాల్సిన పని మాత్రం ఎప్పుడూ రాలేదు. టైపుకు అలవాటు పడి నా చేతిరాత చెడిపోయింది. మొదట రాసిన దాంట్లో తప్పు మిషన్‌ది. అది చించి సోడా బండాయన పాత నోటు పుస్తకంలోంచి ఇంకో కాగితం అడుక్కున్నాను. రెండోదాంట్లో తప్పు సమయం చాలకపోవడానిది. అదీ చించాను. లోపల పది నిమిషాల పరీక్ష ఎప్పుడో మొదలై ఉంటుంది. ఆమె వేళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. అంత దూరం నుంచి 'చ్చు' అన్నా వినపడదు. మూడో కాగితం మీద ఒక్క లైనే రాశాను: "యంత్రం ఆన్‌లో ఉండగా ముట్టవద్దని ఇద్దరు చెప్పినా నేను వినలేదు." నా సర్వీసులో కొట్టివేతలు లేకుండా రాసిచ్చిన కాగితం అదే.

ఆమె బయటికొచ్చింది. చెంగుతో మెడ తుడుచుకుంటోంది.

"ఎట్ల కొట్టినావు?" అన్నాను.

"తెల్దక్కా. తలెత్తలేదు" అంది. నా చేతిలోని బుట్ట తీసుకుని తనే మోసింది. బత్తలపల్లె దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు పొద్దుటి కండక్టరే నాకు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఆదివారం భాయ్ తన సొంత పని మానుకుని అనంతపురం పోయి, ఆ ఫ్యూజు మార్చి వచ్చాడు. 'చెప్పినా గదా' అని ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే కొట్లాడి తేలికపడేదాన్ని.

కొన్నాళ్ళకు ఫలితాలు వచ్చాయి. ఆమె గట్టెక్కింది. చేతికి ఒడ్డు అందింది, అంతే, కానీ అందింది. అటెండరు తన తువాలుతో ఆ కుర్చీ తుడిచి, వెనక్కి లాగి పట్టుకున్నాడు. ఆమె కూర్చోకముందు కుర్చీ వీపు మీద ఒక నిమిషం చెయ్యి పెట్టి నిలబడింది. అప్పుడు మేమంతా ఏదో పని ఉన్నట్టు కాగితాల్లోకి తలలు దించుకున్నాం.

సాయంత్రం అందరికీ బూందీ లడ్డు పెట్టింది. నాకు రెండు. నేను రెండోది తింటుండగా మెల్లగా అంది: "అక్కా, వచ్చే నెల డిపార్టుమెంటు పరీక్ష ఉండాది. కర్నూల్లో."

"నువ్వేం భయపడద్దు, నేను—"

"అందుకే ముందే చెప్తాండా."

పోలేదు. బస్టాండు దాకా మాత్రం పోయాను. దానికి ఆమె అడ్డు చెప్పలేదు. బస్సు కదిలింది. కిటికీ పక్కనే నడుస్తూ, కాగితం ఇవ్వగానే మొదట నంబరు వేసుకోమనీ, తెలియని ప్రశ్న దగ్గర కూర్చుండిపోవద్దనీ, పెన్నులు రెండు ఉన్నాయో లేదో చూసుకోమనీ చెబుతున్నాను. ఆమె నవ్వింది, అన్నిటికీ తల ఊపింది, కిటికీ షట్టరు కిందికి లాగింది.

ఎండ ఆ పక్కన లేదు.